బుధవారం, గురువారం, లక్ష్మివారం

ప్రశ్న: మాది విజయనగరం దగ్గర ఊరు. మా మావయ్యగారికి 71 ఏళ్లు. జూట్ మిల్లులో మగ్గాల మీద 32 ఏళ్లు పనిచేశారు. ఐదారేళ్లుగా సరిగ్గా వినపడటం లేదు. రెండేళ్ల క్రితం పెంకుటిల్లు తీసేసి డాబా కట్టాం, అందులోకి వచ్చాక మరీ ఎక్కువైంది. ఏం చెప్పినా ‘ఏటీ?’ అంటారు. గట్టిగా చెబితే ‘ఎందుకలగ అరుస్తావు, నానేటి చెవిటోణ్ణా’ అని కోప్పడతారు. కానీ ఆయనతో మిల్లులో చేసిన స్నేహితుడు సాయంత్రం వస్తే మాత్రం వీధి అరుగు మీద గంటన్నర కబుర్లు. ‘పని సెప్తే ఇనపడదు గానీ కబుర్లయితే ఇనపడతాయి’ అని మా అత్తగారు దెప్పుతారు. పోయిన నెల మా ఆడపడుచు గురువారం వస్తానని ఫోన్ చేస్తే, బుధవారమే ఆర్టీసీ కాంప్లెక్సుకి వెళ్లి రెండు గంటలు నిలబడి వచ్చారు. మేం నవ్వాం. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆన్‌లైన్లో 1,800 పెట్టి మిషను తెప్పించాం, గుయ్యిమంటోందని గూట్లో పడేశారు. మాఘమాసంలో మా అమ్మాయి పెళ్లి. వచ్చిన వాళ్లు పలకరిస్తే తికమక సమాధానాలు చెబుతారని, ఆయన్ని లోపలి గదిలో కూర్చోబెడదామని మావారు అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. ఆయన కావాలనే అలా చేస్తున్నారా? మేం ఏం చేయాలి?

జవాబు:

అమ్మా,

ముందు మీ అత్తగారి మాట సంగతి తేల్చేద్దాం. ఇంట్లో సగం గొడవ అక్కడే ఉంది. మీ మావయ్యగారు నటించడం లేదు. పని చెబితే వినపడకపోవడం నిజం, కబుర్లు వినపడటమూ నిజం. ఆ తేడా ఆయన చెవిలో కన్నా ఎదుటివాళ్లు మాట్లాడే తీరులో ఉంది.

ఈసారి ఆ స్నేహితుడు వచ్చినప్పుడు టీ ఇచ్చే వంకతో రెండు నిమిషాలు గుమ్మంలో నిలబడి చూడండి. చూడకుండానే నేను చెప్పగలను. ఇద్దరూ మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా, ఎదురెదురుగా కూర్చుని ఉంటారు. సాయంత్రపు వెలుగు మొహాల మీద పడుతుంటుంది. పైన ఫ్యాను లేదు, పక్కన టీవీ లేదు. ఒకరు మాట్లాడుతుంటే రెండోవారు ఆగుతారు. సగం మాట చేత్తోనే అయిపోతుంది. మగ్గాల షెడ్డులో పనిచేసిన వాళ్లకి అది వేరే నేర్పక్కర్లేదు. ఆ మోతలో నోటితో అరిచి లాభం ఉండదు. పెదవి చూసి, చెయ్యి చూసి, కనుబొమ్మ చూసి అవతలివాడి మాట పట్టుకోవాలి. మేస్త్రీ వస్తున్నాడన్నా, నూలు తెగిందన్నా, టీకి పోదామన్నా ఒక్కో సైగ. మీ మావయ్యగారికి ఆ విద్యలో 32 ఏళ్ల అనుభవం. ఆ భాషలో ఆయనతో మాట్లాడేది ఇప్పుడు ఊళ్లో ఆ ఒక్క మనిషే.

ఇక మనం ఎలా చెబుతాం? వంటింట్లో కుళాయి కింద గిన్నె పెట్టి, ఆయనకి వీపు చూపిస్తూ, ‘మావయ్యగారూ, కరెంటు బిల్లు కట్టేశారా’ అంటాం. చూసినట్టు చెబుతున్నానంటే మా ఇంట్లోనూ అంతే. నేను శ్రీకాకుళంలో బడిలో పాఠాలు చెప్పేదాన్ని. 47వ ఏట వెనక బెంచీ పిల్లల జవాబులు అందడం మానేశాయి. ఏడాదిపాటు ‘కాస్త గట్టిగా చెప్పండర్రా, అన్నం తినలేదా’ అని వాళ్లనే కసిరాను. ఆ తరవాత తెలిసింది తప్పు ఎక్కడుందో. 14 ఏళ్లుగా రెండు చెవులకీ మిషన్లు పెట్టుకుంటున్నాను. కాబట్టి ఇది అవతలి ఒడ్డున నిలబడి ఇచ్చే సలహా కాదు.

అసలు పోయేదేమిటో చెబుతాను. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఒక భాగం ఉంటుంది. అందులోని సన్నటి కణాలే శబ్దాన్ని పట్టి మెదడుకి పంపుతాయి. రోజుకి 8 గంటలు 85 డెసిబెళ్లు (చప్పుడుకి కొలత) దాటిన మోతలో ఏళ్ల తరబడి ఉంటే అవి చచ్చిపోతాయి, మళ్లీ మొలవవు. నూనె పోసినా, మాత్ర మింగినా అంతే. ముందుగా పోయేవి సన్నటి, పదునైన ధ్వనుల్ని పట్టే కణాలు. మాటలో ఆ పదునంతా హల్లులది: స, శ, త, క, చ, ప. అచ్చులు బరువైన ధ్వనులు, అవి చాలాకాలం నిలుస్తాయి. అందుకే ఇలాంటి చెవికి మాట వినపడుతుంది గానీ తెలియదు. తడిసిన కాగితం మీద గుణింతాలు మిగిలి అక్షరాలు చెరిగిపోయినట్టు.

ఇప్పుడు ఆ కాంప్లెక్సు సంగతి చూడండి. ‘వారం’ అన్నది ఆయనకి నిక్షేపంగా వినపడింది. ముందున్న రెండక్షరాల్లో మొదటిదాని ‘ఉ’ అన్న అచ్చు అందింది. బుధలోనూ అదే, గురులోనూ అదే. ఫోన్లో పెదవులు కనపడవు. రెంటిలో ఒకటి ఊహించారు, తప్పింది. అందులో నవ్వడానికి ఏమీ లేదమ్మా. మీ ఆడపడుచు గురువారం అనకుండా, మనవైపు అలవాటుగా ‘లక్ష్మివారం వస్తాను నాన్నా’ అని ఉంటే ఆయన బుధవారం గడప దాటేవారు కాదు.

ఇంట్లో అందరూ నేర్చుకోవాల్సిన మొదటి కిటుకు అదే. ఒకసారి అందని మాటని మూడుసార్లు అదే మాటగా చెప్పకండి, మాట మార్చండి. గురువారం అందకపోతే లక్ష్మివారం, పాలు అందకపోతే ‘టీలోకి పాలు’. ప, బ, మ మూడింటికీ పెదవులు ఒకేలా కలుస్తాయి, కాబట్టి పెదవి చూసినా పోల్చుకోలేని మాటలు బోలెడు. చుట్టూ నాలుగు మాటలుంటే ఆయన అల్లుకోగలరు. ఒంటరి మాట అందించడం కష్టం. ‘అరవయ్యా, ఇరవయ్యా’ అన్నంత దగ్గరి అంకెలు, మందుల వేళలు, బస్సు టైములు మాత్రం నోటికి వదలకండి, కాగితం మీద రాయండి. గోడకి ఒక పలక తగిలించి సుద్దముక్క పెట్టండి. మా ఇంట్లో ఉంది. దాని మీద మా మనవడు నాకు క్రికెట్ స్కోరు కూడా రాస్తాడు.

రెండో సంగతి మన భాషకే సంబంధించింది. తెలుగులో అసలు కబురు వాక్యం చివర్లో ఉంటుంది. ‘డాక్టరుగారు ఈ పూట ఉన్నారు’, ‘డాక్టరుగారు ఈ పూట లేరు’. ‘కడతాను’, ‘కట్టను’, ‘కట్టలేదు’. అవునో కాదో తేలేది ఆ చివరి మాటలోనే, మనం గొంతు దించేసేదీ సరిగ్గా అక్కడే. మొదలు గట్టిగా ఎత్తుకుని చివర మింగేస్తాం. మీ మావయ్యగారికి డాక్టరుగారి దాకా వినపడుతుంది, ఉన్నారో లేరో తెలియదు. చివరిదాకా గొంతు ఒకే ఎత్తులో ఉంచండి, కాస్త నెమ్మదిగా. లేదన్నప్పుడు చెయ్యి ఊపండి, తల ఆడించండి. ఆయనకి ఈ సైగలు పాత చుట్టాలే.

గట్టిగా అంటే ఎందుకు కోప్పడతారో కూడా తెలియాలి. ఈ రకం చెవుడులో ఒక వింత ఉంది. చిన్న చప్పుడు అసలు అందదు, కొంచెం పెంచితే ఒక్కసారిగా భరించలేనంత పెద్దదైపోతుంది. మధ్యలో ఉండాల్సిన జాగా కుంచించుకుపోతుంది. మనకి ‘కొంచెం గట్టిగా’ అనిపించింది ఆయన చెవిలో పళ్లెం కింద పడ్డట్టు మోగుతుంది. పైగా అరిచినప్పుడు పెరిగేది అచ్చుల గొంతే, ఆయనకి కావలసిన హల్లులు అలాగే ఉండిపోతాయి. పెదవులు సాగిపోయి మాట పోలికే మారిపోతుంది. చూసేవాళ్లకి మీరు తిడుతున్నట్టు ఉంటుంది, ఆయనకీ అలాగే ఉంటుంది. అరవడం మానేసి దగ్గరికి నడవండి. దూరం సగానికి తగ్గితే గొంతు పెంచకుండానే 6 డెసిబెళ్లు కలిసొస్తాయి. భుజం మీద చెయ్యి వేసి, మొహం తిరిగాక మొదలుపెట్టండి. కిటికీకి వీపు పెట్టి నిలబడకండి, మీ మొహం నల్లటి నీడైపోతుంది.

డాబాలోకి వచ్చాక ఎక్కువైందన్నారు. భేషుగ్గా గమనించారు. పెంకుటింట్లో పెంకుల సందులు, దూలాలు, మట్టిగోడలు, దండెం మీది బట్టలు చప్పుడుని పీల్చేసేవి. ఇప్పుడు పైన శ్లాబు, కింద నున్నటి టైల్సు, చుట్టూ సిమెంటు గోడలు. ఒక్క మాట నాలుగు వైపులా తగిలి నాలుగు మాటలై వెనక్కి వస్తుంది. మనకి అది ‘హాలు కాస్త మోగుతుంది’ అన్నంతే. ఆయనకి మాట మీద మాట పడి బురదైపోతుంది. హాలు ఒక్కటైనా సరిచేయండి. కిటికీలకి మందపాటి కర్టెన్లు, కింద తుంగచాప, ఆయన కుర్చీ వెనక గోడకి పాత బొంత. బొంత చూసి ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. ఆయన కుర్చీని గోడ మూలకి, మొహం గుమ్మం వైపు ఉండేలా వేయండి. వెనకనుంచి ఎవరూ వచ్చి ఉలికిపడేలా చేయలేరు. మాట్లాడేటప్పుడు టీవీ కట్టేయండి, వీలైతే ఫ్యాను కూడా. కాలింగ్ బెల్లుకి లైటు వెలిగేలా ఎలక్ట్రీషియను చేత పెట్టించుకోవచ్చు, పెద్ద ఖర్చేమీ కాదు.

ఇప్పుడు మిషను. గూట్లో ఉన్నది గూట్లోనే ఉండనివ్వండి. అది అన్ని చప్పుళ్లనీ ఒకేలా పెంచే పెట్టె. ఆయనకి పెరగాల్సింది సన్నటి ధ్వనులు, అది బరువైనవి కూడా పెంచి చెవి మీద బాదుతుంది. గుయ్యిమనడం చెవిలో బిగువుగా కూర్చోక లోపలి చప్పుడు బయటికి కారడం వల్ల. ముందు చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. విజయనగరంలో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, శ్రీకాకుళం వైపు వాళ్లకి రిమ్స్, పెద్ద పరీక్షలు కావాలంటే విశాఖ కేజీహెచ్. గుబిలి గట్టిపడి ఉంటే తీయగానే కొంత తేడా కనిపించొచ్చు. ఇంట్లో అగ్గిపుల్ల, పిన్నీసు, కాచిన వెల్లుల్లి నూనె ఏవీ వద్దు. ఆ తరవాత ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష చేస్తారు. మోతలో పనిచేసిన వాళ్ల గ్రాఫులో సాధారణంగా 4,000 హెర్ట్జ్ దగ్గర, అంటే సన్నటి ధ్వనుల చోట, ఒక గుంట కనిపిస్తుంది. ఆ కాగితం ప్రకారం చెవికి తగ్గట్టు సరిచేసిన డిజిటల్ మిషను తీసుకోవాలి, వీలైతే రెండు చెవులకీ. వినికిడి మిషను మీద జీఎస్టీ లేదు, బిల్లులో వేస్తే అడగండి.

ఇది కళ్లజోడు కాదమ్మా, పెట్టుకోగానే లోకం తేటపడదు. మొదటి వారం నాకు నా గొంతే బిందెలోంచి వస్తున్నట్టుండేది. పేపరు మడత పెడితే చెవిలో టపాకాయ పేలినట్టుండేది. మెదడు ఆ చప్పుళ్లని మరిచి ఏళ్లయింది, మళ్లీ నేర్చుకోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. మొదట ఇంట్లోనే, రోజుకి గంటో రెండు గంటలో, మీ ఒక్కరితో మాట్లాడేటప్పుడు పెట్టుకోమనండి. తరవాత అరుగు మీద, ఆ తరవాత బజారు. రెండు మూడుసార్లు వెళ్లి సెట్టింగు మార్పించుకోవాలి, అందుకు విసుక్కోకండి. పెళ్లికి వారం ముందు కొని బాజాల మధ్య పెట్టిస్తే అది కూడా గూట్లోకే పోతుంది. మాఘానికి ఇంకా సమయం ఉంది, ఈ నెలలోనే కదలండి.

చిన్న సంగతి ఒకటి. బటన్ బ్యాటరీ మీద స్టిక్కరు తీసి నిమిషం గాలికి ఉంచి అప్పుడు వేయాలి. మన సముద్రం గాలికి, చెమటకి మిషను చెమ్మెక్కుతుంది. రాత్రిపూట సిలికా జెల్ పొట్లం వేసిన మూత డబ్బాలో పెట్టండి.

ఖర్చు భారమైతే దారులున్నాయి. 60 దాటినవాళ్లకి రాష్ట్రీయ వయోశ్రీ యోజన ఉంది, 2017 ఏప్రిల్ 1న మన రాష్ట్రంలోనే, నెల్లూరులో మొదలైంది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నా, నెలకు 15,000 లోపు ఆదాయం ఉన్నా క్యాంపుల్లో వినికిడి మిషను ఉచితంగా ఇస్తారు. వైకల్యం ఎంత శాతమో రాసిచ్చే సదరం సర్టిఫికెట్ కూడా చూసుకోండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 60 డెసిబెళ్ల నష్టం నుంచి వైకల్యం లెక్కలోకి వస్తుంది. స్లాటుకి మీ ఊరి సచివాలయంలో అడగండి. 40 శాతం, ఆపైన ఉంటే దివ్యాంగులకి పరికరాలిచ్చే కేంద్ర పథకం అడిప్ కింద కూడా మిషను దొరుకుతుంది. మన రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను 2024 నుంచి నెలకు 6,000. ఎవర్ని అడగాలో తెలియకపోతే వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567. ఇంకో మాట, మోత వల్ల వచ్చే చెవుడు పాత ఫ్యాక్టరీల చట్టం నాటినుంచే వృత్తి వ్యాధుల జాబితాలో ఉంది. మీ వీధిలో కుర్రాళ్లెవరైనా ఇప్పటికీ మగ్గాల మీద చేస్తుంటే చెవుల్లో ప్లగ్గులు పెట్టుకోమని మీ మావయ్యగారి చేతే చెప్పించండి.

ఇది చదివే మిగతావాళ్ల కోసం కూడా ఒక మాట. రాత్రి పడుకుని పొద్దున్న లేచేసరికి ఒక చెవి ఉన్నట్టుండి వినపడకపోతే అది జలుబని వారం ఆగకూడదు. ఆ రోజే చెవి డాక్టర్ని కలవాలి. మొదటి రెండు మూడు రోజుల్లో మందు పడితే తిరిగొచ్చే అవకాశం ఎక్కువ.

బయటికి వెళ్లినప్పుడు సంగతి. ఒకసారి నేను ఒక ఆసుపత్రిలో ఓపీ చీటీ పట్టుకుని పొద్దున్న 9 నుంచి కూర్చున్నాను. అటెండరు గది గుమ్మంలో తల బయటికి పెట్టి పేర్లు పిలిచి లోపలికి పోతున్నాడు. నా వెనక వచ్చినవాళ్లంతా వెళ్లిపోయారు. 1 గంటకి వెళ్లి అడిగితే ‘మూడుసార్లు పిలిచాం, మీరు పలకలేదు’ అన్నాడు. అంతమంది ముందు ‘నాకు వినపడదు’ అని చెప్పుకోవడం ఆ రోజు నాకు చేతకాలేదు, ఇంటికొచ్చేశాను. ఇప్పుడు చీటీ ఇవ్వగానే దాని మీద పెద్దక్షరాలతో ‘వినపడదు, చెయ్యి ఊపి పిలవండి’ అని రాసి ఇస్తాను. ఎవరూ కాదనలేదు. అంకెల బోర్డు ఒకటి పెడితే నాలాంటి వాళ్లకే కాదు అందరికీ హాయి. సమాచారం అందరికీ అందేలా చూడటం సర్కారు బాధ్యతని అదే 2016 చట్టం చెబుతోంది. కానీ బోర్డు వచ్చేదాకా చీటీ మీద రాయడం మన చేతిలో ఉంది. మీ మావయ్యగారు ఒప్పుకుంటేనే సుమా. ఆయన బదులు మీరు ముందుకెళ్లి ‘ఈయనకి చెవుడండీ’ అని ప్రకటించకండి.

‘నానేటి చెవిటోణ్ణా’ అని ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. మన భాషలో ఆ మాటని తిట్టుకి తప్ప వాడం. ‘చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు’, ‘చెవిటి మాలోకం’. చిన్నప్పటినుంచి ఇవి విని పెరిగిన మనిషి ఆ వరసలో తాను చేరానని ఎలా ఒప్పుకుంటాడు? ఆయనతో ‘మీకు వినపడటం లేదు’ అనకండి. ‘మిల్లు మీ చెవులు తినేసింది మావయ్యగారూ, ఓసారి చూపిద్దాం’ అనండి. అది నిజం కూడా.

ఇక పెళ్లి. లోపలి గదిలో కూర్చోబెట్టే ఆలోచన మానుకోమని మీవారికి నా మాటగా చెప్పండి. పరువు పోయేది తాత తికమక సమాధానం వల్ల కాదు, పెళ్లికూతురి తాత ఏడని నలుగురూ అడిగినప్పుడు. వినికిడి తగ్గడం, మనుషులకి దూరమవడం రెండూ మతిమరుపు జబ్బు ముప్పుని పెంచేవేనని వైద్య పత్రిక లాన్సెట్ వేసిన కమిషన్ 2020 నివేదికలో రాసింది. గదిలో పెట్టడమంటే అదే పని మనమే చేయడం.

ముందురోజే పెళ్లి వరస ఒక కాగితం మీద రాసి ఆయన జేబులో పెట్టండి: ఎన్నింటికి ఏ తంతు, ఎక్కడ నిలబడాలి, ఏ చుట్టాలు ఏ ఊరినుంచి. మగపెళ్లివారి పెద్దల ఫోటోలు ఫోన్లో ముందే చూపించండి. మొహం, పేరు తెలిసి ఉంటే పలకరింపు సగం అందినట్టే. పందిట్లో స్పీకరు పెట్టెలకి, సన్నాయి మేళానికి దూరంగా, వెనక గోడ ఉన్న చోట వెలుగులో కుర్చీ వేయించండి. డీజే మోగే అరగంట మిషను తీసి జేబులో పెట్టుకోవచ్చు. ఇంట్లో చురుకైన పిల్లాణ్ణి ఒకణ్ణి పక్కన ఉంచండి. వాడి పని అరిచి చెప్పడం కాదు, వచ్చినవాళ్లని తాత ఎదురుగా నిలబెట్టడం. వాడి ఫోన్లో గూగుల్ లైవ్ ట్రాన్స్‌క్రైబ్ వేస్తే ఎదుటివాళ్ల మాట తెలుగు అక్షరాల్లో పడుతుంది. పందిరి గోలలో తప్పులు పడతాయి గానీ, పక్కకి తీసుకెళ్లి మాట్లాడితే బాగానే పనిచేస్తుంది. తెలుగు చదవడం వస్తే ఇప్పటినుంచే ఇంట్లో అలవాటు చేయండి. మా మనవరాలు మొదటిసారి దాన్ని నా ముందు పెట్టినప్పుడు, వంటింట్లో మా కోడలు నా మీద చెప్పుకుంటున్నది కూడా పడింది. ఆ సంగతి మళ్లీ ఎప్పుడైనా రాస్తాను.

శుభలేఖలు అచ్చయ్యాయా? ఆ మిల్లు స్నేహితుడికి మొదటి కార్డు మీ మావయ్యగారి చేత ఇప్పించండి. పెళ్లిరోజు ఆయన కుర్చీ మీ మావయ్యగారి కుర్చీకి పక్కన కాదు, ఎదురుగా వేయించండి.